కణాలమ్మ చెప్పే ఒకే ఒక్క కథ

మా నూలుమిల్లు ఆసుపత్రి డాక్టరమ్మకు ఒకటే పిచ్చి. ఏ జబ్బుతో వెళ్ళినా, క్లమీడియా అనే సూక్ష్మజీవి ఒంట్లో కణాల్లో దూరే కథే చెప్పేది. పన్ను సలిపినా అదే, కాలు బెణికినా అదే. అందుకే ఆమెను కణాలమ్మ అనేవాళ్ళం. ఆ ఆసుపత్రిని యాజమాన్యం మెడలు వంచి సాధించినవాణ్ణి నేనే. షెడ్డులో పంకాలూ, మంచినీళ్ళ కుళాయీ కూడా ఈ మేస్త్రీ చలవే. కానీ ఆమె కథ ఆపించడం మాత్రం నా తరం కాలేదు.

ఒకసారి దగ్గు మందుకని వెళితే నా టోపీ లాగేసుకుంది.

"మేస్త్రీగారూ, ఇది ఒంట్లో కణం అనుకోండి. ఆలుమగల కలయికలో అంటుకునే సూక్ష్మజీవి ఒకటుంది. బయట గింజలా ముడుచుకుని ఉంటుంది. అతుక్కుందా, పాపం కణమే దాన్ని మింగేస్తుంది."

"నా దగ్గు..."

"ఉండండి! లోపల సొంత గది కట్టుకుని, ఇంటివాళ్ళ తిండే తిని లావెక్కి, ఒకటి రెండై, రెండు నాలుగై, మళ్ళీ గింజలై, కణాన్ని బద్దలుకొట్టి పక్కింటి మీద పడతాయి."

"మరి నొప్పి తెలియదా?"

"చాలామందికి తెలియదు. అదే దాని టక్కరితనం! తరమబోయి మన ఒళ్ళే వాపు తెప్పిస్తుంది. వాపు ముదిరితే ఆడవాళ్ళ గర్భనాళాల్లో మచ్చలు కట్టి దారి మూసుకుపోతుంది. పిల్లలు కలగడం కష్టం. ముందే పట్టుకుంటే మందులకు పోతుంది. మచ్చలు మాత్రం పోవు. మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ వాడాలి సుమా!"

దగ్గు సంగతి మరిచిపోయి ఇల్లు చేరాను. వేలు నలిగిన ఫిట్టరుకైతే కట్టు కడుతూ ఆ గుడ్డచుట్టనే కణం చేసిందట.

కొన్నాళ్ళకు, కొత్తగా పెళ్ళయిన నా మేనకోడలికి పొత్తికడుపులో నొప్పి పట్టుకుంది. మొగుణ్ణి వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చింది. అత్తగారు ఊరుకుంటుందా?

"రోగిష్టిదాన్ని అంటగట్టారని తేలితే మళ్ళీ మీ ఇంటికే పంపేస్తానన్నయ్యగారూ!" అంటూ నన్నూ కోడల్నీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. కోడల్ని గది బయటే నిలబెట్టింది.

"మా కోడలికి జబ్బేమిటమ్మా?"

డాక్టరమ్మ ఆవిడ చేతిసంచీ అందుకుంది. "పెద్దమ్మా, ఇది కణం అనుకోండి..."

గింజ లోపలికి పోయింది. గది కట్టుకుంది. కథ గర్భనాళాల దాకా వచ్చేసరికి ఆవిడ సంచీ లాక్కుని లేచింది. బయట కోడలి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమన్నారత్తయ్యా?"

"ఏమంటుంది, నా తలకాయ! నీ సంగతి అడిగితే, మోకాళ్ళ నొప్పులకు పోయినప్పుడు నాకు చెప్పిన కథే మళ్ళీ అప్పజెప్పింది. పద ఇంటికి!"

చాలా ఏళ్ళకు, తన పిల్లలు నా మంచం మీద గంతులేస్తుంటే, మేనకోడలే ఆ మాట ఎత్తింది.

"అప్పుడు నాకొచ్చింది అదే జబ్బు మామయ్యా. ఇద్దరికీ మందులిచ్చి నయం చేసింది. ఇప్పుడెవరికి తెలిస్తే నాకేం, నువ్వు రాస్తున్న మిల్లు కబుర్లలో ఇదీ రాసుకో."

"అదేమిటే! మరి మీ అత్తగారికి మొత్తం చెప్పేసిందిగా!"

"అందరికీ చెప్పేదిగా మామయ్యా," అంది నవ్వుతూ. "అందుకే మా అత్తయ్య చెవికెక్కలేదు."