జంపక్క అలికిన గోడలు

మా బస్తీలో ఇప్పుడు తడి ఎర్రమట్టి వాసన రాదు. సిమెంటు ఇళ్లు కట్టకముందు ఏ సందులో నిలబడ్డా వచ్చేది. అదంతా జంపక్క చేతి చలవ.

ఏన్కూరు అవతలి అడవి పల్లె నుంచి కూలికి వచ్చి, మా మున్సిపాలిటీ చివరి వార్డులో వాగు గట్టున గుడిసె వేసుకుంది. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లుంటాయి. పెళ్లయినా పండగయినా బస్తీ ఆడవాళ్లు ఆమెనే పిలిచేవాళ్లు. మట్టి, పేడ కలిపి చేత్తో మెత్తితే గోడ నున్నగా తేలేది. లోపల వెదురు తడికె పుచ్చిపోయినా పైకి తెలిసేది కాదు.

2007లో పక్కా ఇళ్లకు, కాల్వలకు గ్రాంటు ఇమ్మని మున్సిపాలిటీ పైకి రాసింది. హైదరాబాద్ నుంచి ఆఫీసరు వచ్చి ఇళ్లు ఉండటానికి పనికిరావని రాస్తేనే గ్రాంటు. నెల కిందటి వానకు జంపక్క వెనక గోడ కూలి మనవరాలు శ్యామల కాలు విరిగింది. ఇల్లు రావాలని అందరికన్నా ఆమెకే ఆరాటం.

వార్డు కౌన్సిలర్ ధన్‌సింగ్ గడపగడపకూ తిరిగి చెప్పాడు. "ఏదీ ముట్టకండి. ఎట్లున్నది గట్లనే ఉంచండి."

ఆ ఒక్క మాట ఆమె చెవికెక్కలేదు. కూలిన గోడ మళ్లీ నిలబెట్టి, రెండు రోజుల్లో తన ఇల్లూ చుట్టుపక్కల ఇళ్లూ అలికేసింది. ముగ్గులు కూడా పెట్టింది.

"ఏంది జంపక్కా, మా నోట్ల మట్టి కొడుతున్నవ్," అన్నాను.

"పోరా పిలగా. పెద్దమనిషి ఇంటికొస్తుంటే బూజు చూపిస్తమా? కాలేజి ఇడిసిపెట్టి నాకు సుద్దులు చెప్తున్నవ్."

ఆఫీసరు నిర్మలాదేవి గోడలు చూసి ముచ్చటపడింది. "ఎంత నీటుగా ఉన్నాయండీ. ఇంతకన్నా అధ్వాన్నమైనవి చాలా చూశాను," అని కాగితం మీద ఏదో రాసి జీపు వైపు నడిచింది. ధన్‌సింగ్ మొహం మాడిపోయింది.

జంపక్క బిందెడు నీళ్లు తెచ్చి తన వెనక గోడ మీద కుమ్మరించింది. గోళ్లతో గీరింది. మట్టి పెళ్లలుగా రాలింది. నల్లబడ్డ తడికె సందుల్లోంచి మంచం మీద పిల్ల, దాని కాలికట్టు కనిపించాయి.

"అమ్మా, నా ఇల్లు గిది. పైన పూసింది మీరొస్తున్నరని."

నిర్మలాదేవి వెనక్కి వచ్చింది. "మిగతావి?"

"అన్నీ నేనే అలికిన. అన్నీ గిట్లనే ఉన్నయ్."

ఆఫీసరు తను ముందు రాసింది కొట్టేసి, ఒక్కో ఇంట్లోకీ వంగి వెళ్లి చూసింది.

రెండేళ్లకు సిమెంటు ఇళ్లు వచ్చాయి. ఎండాకాలం లోపల ఉడికిపోతాం, అది వేరే సంగతి. ఇప్పుడు అలకడానికి జంపక్కను ఎవరూ పిలవరు. వాన మొదలైతే మాత్రం ఆమె ఇంటి వెనక్కి వెళ్లి గోడను రెండు చేతులతో తోసి చూస్తుంది.

"పడదులే," అంటాను.

"అవ్, పడదు," అంటుంది. మళ్లీ తోస్తుంది.