ఎదురింట్లో అచ్చయిన నా బయోడేటా

పెళ్లయి సింగపూర్ వచ్చిన కొత్తలో చోవా చూ కాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. ఆ ఊళ్లో మాకెవరూ లేరని నాకు దిగులుగా ఉండేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. అయినా చాలా నెలలు ప్రయత్నించాకే రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక కంపెనీ నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది.

ఇంటర్వ్యూ రోజు ఉదయం బయోడేటా తీద్దామంటే, కొత్తగా కొన్న వైర్‌లెస్ ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు. ఆఫీసులో ఉన్న మావారికి ఫోన్ చేశాను.

"ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్. కనెక్టెడ్ అని చూపిస్తోందా?"

"చూపిస్తోందండీ, కాగితమే రావట్లేదు."

కంగారులో ప్రింట్ బటన్ నొక్కుతూనే ఉన్నాను. ఇంతలో బెల్ మోగింది. ఎదురు ఫ్లాట్ ఆంటీ. ఆవిడ తమిళులనుకుని ఎప్పుడూ "హలో"తో సరిపెట్టేదాన్ని. ఆవిడ చేతిలో నా ఫొటో ఉన్న కాగితాలు బొత్తెడున్నాయి.

"మా ప్రింటర్ ఆగకుండా నీ ఫొటోనే కొడతా ఉంది లా," అన్నారు, సింగపూర్ వాళ్లలా చివర "లా" చేర్చి, తెలుగులో.

పాస్‌వర్డ్ లేని వాళ్ల నెట్‌వర్క్‌లో నా కంప్యూటర్ చేరి, అన్నీ అక్కడికే పంపిందట. "సారీ ఆంటీ, ఇవాళ ఇంటర్వ్యూ ఉంది," అంటూ సిగ్గుపడుతూ ఆ కాగితాలు అందుకున్నాను. ఆ వెంటనే, "మీరు తెలుగువారా ఆంటీ?" అన్నాను.

"మా తాత వైజాగ్ నించి ఓడలో వచ్చినాడు. నీ పేపర్లో కాకినాడ అని చూసి పరిగెత్తి వచ్చినా. మకాన్, అదే టిఫిన్, అయిందా? ఖాళీ కడుపుతో ఇంటర్వ్యూకి పోతారా?"

తన ఇంట్లో కూర్చోబెట్టి ఇడ్లీలు పెట్టి, తిన్నాకే పంపారు.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. ఆ కబురు తెలిసిన రోజు మావారికి ఫోన్ చేయడానికి ముందే వెళ్లి ఆంటీ తలుపు తట్టాను. ఆ ఊళ్లో మాకెవరూ లేరన్న దిగులు మాత్రం మళ్లీ కలగలేదు.