రెండు గదుల కంపైలర్

ఆఫీసులో ఆమెను అందరూ కంపైలరమ్మ అంటారు. లిఫ్టు బ్రేకుల ప్రోగ్రాములను యంత్రం మాటకు దగ్గరైన అసెంబ్లీలోకి మార్చే కంపైలర్‌ను ఆవిడే పెంచి పెద్దచేసింది. పక్క గదిలో మరో రకం సిస్టమ్ మీద అదే కంపైలర్‌ను నడిపేది ఆమె వియ్యపురాలు. పాతికేళ్ల స్నేహం చాలదన్నట్టు పిల్లలకు పెళ్లి చేసి చుట్టాలయ్యారు. రెండు గదుల్లోనూ అసెంబ్లీ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే సరుకు గడప దాటాలని కంపెనీ నియమం.

ఓ సోమవారం కొత్త ప్రోగ్రాం ఇస్తే కలవలేదు. యంత్రం లెక్కలో అంకెలు పెట్టుకునే అరలే రిజిస్టర్లు. ఈ గదిలో వేగం మొదటి రిజిస్టర్‌లో, బరువు రెండోదాంట్లో ఉన్నాయి. ఆ గదిలో తారుమారు.

"నేనేం ముట్టుకోలేదు వదినా," అంది వియ్యపురాలు.

"అంటే నేను ముట్టుకున్నాననేగా?" అంది కంపైలరమ్మ.

మాటా మాటా పెరిగింది. కంపైలరమ్మ ఇంటికొచ్చి ఊరుకుందా, కోడలి ముందు "మీ అమ్మ ఏదో కెలికి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది," అనేసింది. కోడలు చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్లిపోయింది. ఆ పూట నుంచి అడిగినదానికే జవాబు. తల్లికి ఫోన్ చేయడమూ మానేసింది. బంగారంలాంటి పిల్లను దూరం చేసుకుంటున్నానని కంపైలరమ్మకు భయమేసింది.

మళ్లీ మొదటి నుంచీ వెతికింది. ఎక్కువసార్లు వాడినదానికే మొదటి రిజిస్టర్. ఆ వరస పెట్టే పనిని కంపైలర్ సొంతంగా చేయదు, తానున్న సిస్టమ్‌కి అప్పజెబుతుంది. కొత్త ప్రోగ్రాంలో వేగాన్నీ బరువునూ సరిగ్గా సమానసార్లు వాడారు. సమానమైతే ఎవరు ముందో ఆమె ఎక్కడా రాయలేదు. దాంతో ఏ సిస్టమ్‌కు తోచినట్టు అది పెట్టింది. 'సమానమైతే ప్రోగ్రాంలో ముందొచ్చినదే ముందు' అని ఒక్క లైను చేర్చగానే రెండు గదులూ కలిశాయి.

"తప్పు నాదే వదినా," అంది పక్క గది గుమ్మంలో నిలబడి.

"నేను మాత్రం తక్కువ తిన్నానా? నేనే ఫోన్ చేసి పిల్లతో నిన్ను నానా మాటలూ అన్నాను. పద, దానికి చెబుదాం."

వంటింట్లో ఇద్దరూ చెప్పిందంతా కోడలు నిలబడే విన్నది.

"నాకు మీరిద్దరూ సమానమే అత్తయ్యా. ఎవరి మాట ముందు వినాలో తెలీక నోరు మూసుకున్నాను. నా మాట మాత్రం ఎవరూ అడగలేదు."

కంపైలరమ్మకు కళ్లు నిండాయి. కుర్చీ లాగి కోడల్ని కూర్చోబెట్టింది.

"నువ్వే ముందు చెప్పు తల్లీ. మేం వింటాం."

కోడలు చాలాసేపు చెప్పింది. అమ్మలిద్దరూ నిలబడే విన్నారు.