శామ్యూల్ అంకుల్ రాజీనామా

తొంభైల మొదట్లో, సిడ్నీలో సోషల్ వర్క్ చదువు ఆఖరి ఏడాదిలో, నన్ను పశ్చిమ శివార్లలోని ఒక ప్రభుత్వ ఉపాధి కార్యాలయానికి ప్లేస్‌మెంట్ మీద పంపారు. మార్చి నెల. ప్లేస్‌మెంట్ అంటే జీతం లేని ఉద్యోగం. పై అధికారి పక్కన కూర్చుని వినాలి, రాసుకోవాలి, అడిగితే తప్ప నోరు మెదపకూడదు. ఈ చివరి నియమం నాకెంత కష్టమో మా అమ్మనడిగితే చెబుతుంది.

నా పై అధికారి పేరు మార్గరెట్. విదేశీ సరుకు మీద సుంకాలు తగ్గిస్తూ వస్తున్న కాలమది. చొక్కాలూ బూట్లూ బయటినుంచి చవగ్గా దిగుతుంటే, ఇక్కడి ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడేవి. అలా పని పోయినవాళ్ల కోసం ప్రభుత్వం ఒక సహాయ పథకం పెట్టింది. కొత్త పని నేర్పిస్తారు, నేర్చుకున్నన్నాళ్లూ భృతి ఇస్తారు, ఉద్యోగమిచ్చిన కొత్త యజమానికి కొంతకాలం జీతంలో వాటా కూడా ఇస్తారు. మెలిక ఒక్కటే. కంపెనీ తీసేసినవాళ్లకే అది వర్తిస్తుంది. దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. తనంతట తాను మానేసినవాళ్లు మామూలు నిరుద్యోగుల వరసలో నిలబడాల్సిందే.

అప్పుడు నేను పెండిల్ హిల్‌లో శామ్యూల్ అంకుల్, కమల ఆంటీ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. వాళ్లది నరసాపురం దగ్గర. ఈనాటిలా వీధికి నాలుగు మన కొట్లు లేవు. గోంగూర కావాలంటే ఆంటీ పెరట్లో కోసుకోవాల్సిందే. దాంతో ఆవిడ పెట్టే పులుసు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. అంకుల్ బూట్ల ఫ్యాక్టరీలో తోలు కత్తిరించే సెక్షన్‌లో అందరికన్నా సీనియర్. నెలకోసారి అరువు హాల్లో జరిగే మన తెలుగు ప్రార్థన కూటానికి పెద్ద కూడా ఆయనే.

ఒకరోజు భోజనాల దగ్గర ఆయన మజ్జిగ పోసుకుంటూ, మాటవరసకన్నట్టు చెప్పారు. "ఫ్యాక్టరీ క్లోజ్ చేస్తున్నారమ్మా సుధా. తీసేసేవాళ్ల లిస్టు వచ్చేదాకా నేనెందుకు కూర్చోవాలి? ఐ గేవ్ మై నోటీస్, రాజీనామా ఇచ్చేశా. దర్జాగా బయటికొచ్చేస్తా."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పథకం సంగతి, దాని మెలిక అంతా చెప్పాను. ఆయన ఆఖరిదాకా విన్నారు. "మన వైపు తీసేశారంటే ఏమనుకుంటారు? దొంగతనం చేశాడో, తాగొచ్చాడో అనుకుంటారు. రేపు మీటింగ్‌లో బైబిల్ పట్టుకుని ఎలా నిలబడను?" అన్నారు. ఆంటీ ఊరుకోలేదు. "యాభై దాటిన మనిషికి పరువొచ్చి జీతమిస్తుందా?" అని గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆయనకు బస్సు నడపాలని కోరిక. పెద్ద బండి లైసెన్సుకు శిక్షణ ఆ పథకంలో ఉంది. అది చేజారితే ఆ వయసులో సొంతంగా నేర్చుకునే దారి లేదు.

మర్నాడు మార్గరెట్‌కు చెప్పాను. నువ్వు అద్దెకుంటున్న ఇంటి మనిషి కేసు నువ్వు ముట్టుకోకూడదంది ముందు. తర్వాత నిదానంగా, నోటీసు గడువు ముగిసేలోగా కంపెనీ ఒప్పుకుంటే దాన్ని వెనక్కి తీసుకోవచ్చనీ, ఆ మాట ఆయనే అడగాలనీ వివరించింది. ఇంటికెళ్లి చెబితే అంకుల్ తలూపారే గానీ కంపెనీని అడగలేదు. అంతే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తాం? నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ ఇంట్లో నేను అద్దెకున్న పిల్లలా ఎప్పుడూ లేను.

మూతపడే ఫ్యాక్టరీకి మా కార్యాలయం వాళ్లే వెళ్లి, కాంటీన్‌లో అందరినీ కూర్చోబెట్టి పథకం వివరించడం పద్ధతి. ఆ వారమే వెళ్లాం. నేను కుర్చీలు సర్దాను. అంకుల్ వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. మార్గరెట్ చెప్పడం ముగించాక, ఆయన సెక్షన్‌లోనే పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు లేచారు. ఒకామె వియత్నాం నుంచి వచ్చిన లాన్. తామిద్దరూ రేపు నోటీసు ఇచ్చేస్తున్నామనీ, గెంటించుకోవడం కన్నా మనమే వెళ్లడం మర్యాద అని శామ్ చెప్పాడనీ అంది.

మార్గరెట్ మళ్లీ ఓపిగ్గా నియమం చెప్పింది. వాళ్లు ఆమెకేసి చూడలేదు. వెనక్కి తిరిగి అంకుల్‌కేసి చూశారు. వాళ్లకు మెషిన్ నేర్పింది ఆయన. ఆఫీసు మనిషి మాట కన్నా వాళ్లకు ఆయన మాటే నమ్మకం.

అంకుల్ లేవడానికి చాలాసేపు పట్టింది. లేచి, పక్కన నిలబడ్డ ఫ్యాక్టరీ మేనేజర్ వైపు తిరిగి, తన ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. తాను వాళ్లకు చెప్పింది తప్పని, వాళ్లు మానేయకూడదని, వీలైతే తన నోటీసు వెనక్కి ఇప్పించమని. "పుట్ మై నేమ్ ఆన్ ద లిస్ట్ ప్లీజ్" అని కూర్చున్నారు. మేనేజర్ పైవాళ్లనడగాలన్నాడు. రెండు రోజులు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తిండి సహించలేదు. మూడో రోజు ఒప్పుకున్నారు. ఆంటీ ఆ పూట రొయ్యల వేపుడు చేసింది.

నేననుకున్నాను, కథ అక్కడితో ముగిసిందని. ఆ ఆదివారం తెలుగు కూటంలో, ప్రకటనల సమయంలో అంకుల్ లేచి నిలబడ్డారు. "నన్ను పనిలోంచి తీసేశారు. ట్రైనింగ్‌కి వెళ్తున్నాను. నాకోసం ప్రార్థన చేయండి." అంతే చెప్పి కూర్చున్నారు.

టీలప్పుడు ముగ్గురు మగవాళ్లు, ఒకరికి తెలియకుండా ఒకరు, నా దగ్గరికొచ్చారు. అందరిదీ ఒకటే సంగతి. వాళ్లనూ వేర్వేరు ఫ్యాక్టరీల్లో ఎప్పుడో తీసేశారు. ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బయల్దేరి, పార్కులోనో స్టేషన్‌లోనో కూర్చుని సాయంత్రం ఇంటికెళ్తున్నారు. వాళ్లలో ఒకాయన, "మీ ఆఫీసుకి ఏ టైమ్‌కి రావాలమ్మా?" అని అడిగి, పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. వాళ్లలో ఇద్దరికి పథకం వర్తించింది. మూడో ఆయనకు దరఖాస్తు పెట్టుకునే గడువు దాటిపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఇదే శాఖలో పనిచేశాను. చాలా ఫ్యాక్టరీలు మూతపడగా చూశాను. ఆ ప్లేస్‌మెంట్‌లో నేర్చుకున్నది ఇది. తీసేసేదాకా ఆగే మనిషిని ఊహించుకుని ప్రభుత్వం పథకం రాస్తుంది. ఆత్మాభిమానమున్నవాళ్లు ఆగరు, ఆగినా చెప్పుకోరు. అందుకే ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా, కాంటీన్‌లో సభ పెట్టేముందు, ఇక్కడ అందరూ ఎవరి మాట వింటారని అడిగేదాన్ని. ముందుగా ఆ మనిషి పక్కన కూర్చునేదాన్ని.