పొట్ట అడ్డంపెట్టిన కండక్టరు

జానయ్య రోజూ పొద్దున్నే స్నానం చేసి, కొత్తపేటలో ఆంజనేయస్వామికి కర్పూరం వెలిగించేవాడు. "సామీ, ఇయ్యాల గూడ జనం నన్ను జూసే నవ్వాలె, ఇంకొకల్ని జూసి కాదు" అని పైకే మొక్కుకునేవాడు.

నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి హయత్‌నగర్ డిపోలో కండక్టరైన మనిషి. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బస్సులు ఆగాక, ఎల్బీనగర్ చౌరస్తాలో రోజుకు కొందరు చొప్పున ఉపవాసం కూర్చునే దీక్షా శిబిరంలో మైకు పట్టాడు. ఎవరెంత గొంతు చించుకున్నా దారినపోయేవాళ్లు ఆగేవారు కాదు. జానయ్య తన పొట్ట నిమురుకుంటూ, "అక్కా, నేను ఫుట్‌బోర్డు మీద నిలవడితే బస్సే ఒక దిక్కు ఒంగుతది. గసుంటి నేను తిండి బంద్ వెట్టిన. ఎందుకో జర ఇని పోరాదు?" అనేవాడు. ఆడవాళ్లు కూరగాయల సంచులు కిందపెట్టి మరీ వినేవారు. తర్వాత తర్వాత కార్లలో వచ్చే నాయకులు కూడా తమ బట్టతల మీద తామే జోకులేసుకుని మాట మొదలుపెట్టసాగారు. అది మా జానయ్య దగ్గర నేర్చిందేనని శిబిరంలోని తోటి కార్మికులం మేం మురిసిపోయేవాళ్లం.

శిబిరం పక్కనే జోగారావు టిఫిన్ సెంటరు. ఆయనది భీమవరం వైపు. శిబిరంలోని ముసలివాళ్లకు అడగకముందే కాచి చల్లార్చిన నీళ్లు పంపేవాడు. బంద్ రోజున, పాలు విరిగిపోతాయని షట్టరు సగం ఎత్తి పొయ్యి వెలిగించాడు. ఊరేగింపులో వస్తున్న యువకులు అది చూసి రాళ్లందుకున్నారు.

ఆ రోజు దీక్షలో కూర్చున్న జానయ్య మెడలో దండతోనే వెళ్లి షట్టరుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎయ్యుండ్రి తమ్మీ! గింత వెడల్పు మనిషినిడిసి షట్టరుకు తగలాల్నంటే మస్తు గురి ఉండాలె!"

ఎవరో కిసుక్కుమన్నారు.

"దుకాణం ముయ్యమను కాకా!" అని ఒకడు అరిచాడు.

"మూస్తడు, పాలు కాగనియ్యి. పొద్దటిసంది ఉపాసమున్న నేనే గా వాసనకు ఆగుతున్న. మీరాగలేరా?"

గుంపంతా నవ్వింది. అప్పుడు జానయ్య గొంతు తగ్గించి, "మన కొట్లాట కుర్సీలున్నోళ్లతోని రా, పొయ్యికాడ నిలవడ్డోనితోని కాదు" అన్నాడు. రాళ్లు కింద పడ్డాయి. పాలు దించాక, అరిచినవాడే షట్టరు దింపడానికి ఓ చెయ్యి వేశాడు.

సాయంత్రం దీక్ష విరమింపజేయడానికి పెద్ద నాయకుడు వస్తున్నాడని కబురొచ్చింది. నిమ్మరసం ఇచ్చేది ఎప్పుడూ అలాంటివాళ్లే. జానయ్య మాత్రం జోగారావు దగ్గరికి వెళ్లాడు.

"మీ రుణం తీర్చుకోలేనండీ. కానీ భయంగా ఉంది. రేపు ఊరెళ్లిపోదామనుకుంటున్నాం" అన్నాడు జోగారావు.

"పోకుండ్రి సారూ. నాకొక్క సాయం జెయ్యుండ్రి. నిమ్మరసం మీ చేతులతోనే తాపుండ్రి, గా స్టేజి మీద, అందరు జూస్తుండంగ."