పుచ్చు వంకాయల గిరాకీ

1987. చిలకలూరిపేటలో మా కిరాణా కొట్టు అరుగు మీద కూరగాయలు కూడా అమ్మేవాణ్ణి. ఆ ఏడు పత్తికి ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. గాలి తిరిగితే ఆ వాసన బజారు దాకా వచ్చేదని నా డైరీలో చాలాచోట్ల ఉంది.

మా బేరంలో గ్రేడింగ్ అంటే పుచ్చులు ఏరి పక్కన పెట్టడం. వాటిని గేదెలకు వేసేవాళ్ళం. ఆ ఏడు వాటికే గిరాకీ వచ్చింది.

మొదలుపెట్టింది మా వీధి సరోజినిగారు. ఆవిడ తమ్ముడు పత్తికి మందు కొడుతూ చేలోనే పడి చనిపోయాడు. ఆ తరువాత ఆవిడ నిగనిగలాడే కాయ ముట్టలేదు. "పురుగు తిన్నదంటే మందు లేనట్టేగా, శెట్టిగారూ!" అనేది. ఆవిణ్ణి చూసి వీధంతా బొక్కలున్న వంకాయలే ఏరుకోసాగింది.

దెబ్బతిన్నది మరియమ్మ. కూలికి పోతూనే తనకున్న అర ఎకరంలో వంగ వేసి, కాయలు మా కొట్టుకు తెచ్చేది. మందు కొనే స్తోమత లేదు. రోజూ పొద్దున్నే పురుగు తొలిచి వాడిన చివుళ్ళు తుంచి, పుచ్చు కాయలు కోసి గోతిలో పూడ్చేది. అందుకే ఆమె గంపలో కాయలు నున్నగా ఉండేవి.

"మందంటే ఎరగవమ్మగారూ ఇయ్యి. ఇదిగో, పచ్చిదే తింటన్నా చూడండి" అని ఓ రోజు సరోజినిగారి ఎదుటే ఓ కాయ కొరికింది.

"నువ్వు తింటావులే. నేను పిల్లలకు పెట్టుకోవాలి."

నేను కల్పించుకున్నాను. "పురుగు కాయలో దూరాక మందు దాన్నేం చేయలేదమ్మా. బొక్క ఉన్నంత మాత్రాన మందు పడలేదనుకోకండి."

"మీ సరుకు మీరు మెచ్చుకోక ఏం చేస్తారు!" అని ఆవిడ వెళ్ళిపోయింది.

అమ్ముడుపోక వాడిపోయిన కాయల గంప ఎత్తుకుంటూ మరియమ్మ అడిగింది. "ఏం చెయ్యమంటారు శెట్టిగారూ, పురుగుల్ని పెంచనా?"

మరుసటి ఏడు ఆ అర ఎకరం పక్క రైతుకు కౌలుకిచ్చేసింది. ఆయన పత్తి వేసి, గట్ల వెంట వంగ పెట్టాడు. పత్తికి కొట్టిన మందే వంగకూ కొట్టించాడు. మందు కలపడానికి నీళ్ళు మోసే కూలికి మరియమ్మే వెళ్ళింది. ఆ వంకాయలు మా కొట్టుకు తెచ్చిందీ ఆమే. ఏ కాయ చూసినా బొక్కలే.

"ఇప్పుడు దారికొచ్చావు మరియమ్మా! ఇలాంటివి తెస్తే ఎవరు కాదంటారు?" అంది సరోజినిగారు.

"ఈటికి మందునీళ్ళు మోసింది నేనేనమ్మగారూ."

"చాల్లే. నా మీద ఇంకా కోపం పోలేదా?"

నిజమేనని నేనూ చెప్పాను. ఆవిడ నవ్వి సంచి నింపుకుంది. మరియమ్మ మా కొట్టు పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గరకు వెళ్ళి చేతులు సబ్బుతో రుద్దుకుంది, వాసన చూసుకుంది, మళ్ళీ రుద్దుకుంది.

కాయను నొక్కి, గిల్లి, తిప్పి చూసేవాళ్ళను నా వ్యాపారంలో ఎందరినో చూశాను. పండించిన మనిషి ఎదురుగా ఉన్నా ఆమె మాటను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. భయపడ్డవాళ్ళకు వేరొకరు అబద్ధం చెప్పనక్కర్లేదని, వాళ్ళే వెతికి ఏరుకుంటారని ఆ రోజు నాకు తెలిసింది. సరోజినిగారి తమ్ముణ్ణి చంపిన మందు, ఆవిడ చేతి సంచిలోనే ఆవిడ ఇంటికి వెళ్ళింది.