పెంకులన్నీ దొరికాకే

మొన్న శనివారం న్యూజిలాండ్‌లో, మేముండే రోటోటూనాలో, మా పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నెత్తిమీంచి ఓ బుల్లి ఎర్ర విమానం గుర్రుమంటూ పోయింది. తడి దుప్పటి చేతిలో అలాగే పట్టుకుని, "మా చెల్లిదే!" అని ఫెన్స్ అవతలి పంజాబీ ఆంటీకి వినపడేలా అరిచాను. నిజానికి అది ఒక కివీ తాతగారిది. కానీ దాన్ని బతికించింది మా చెల్లి కాబట్టి, నా లెక్కలో మా చెల్లిదే.

అమెరికాలో ఎప్పుడో పందేల కోసం కట్టిన విమానమది. ఒక్క మనిషికే చోటు, పొట్టి రెక్కలు. తాతగారు కొనేనాటికి రెక్కల మీద కప్పిన గుడ్డ పీలికలై, ఇంజను తుప్పు పట్టి ఉంది. ఇక్కడికి చదువుకోవడానికొచ్చి విమానాల మెకానిక్కుగా సెటిల్ అయిన మా చెల్లి, మూడేళ్లు దాని మీదే పడింది. బంధువులు ఫోన్ చేసి "ఇంకా ఆ డొక్కుతోనే ఉందా?" అంటే నాకు ఒళ్లు మండేది. అందుకే బాగయ్యాక అది మొదటిసారి ఎగిరే రోజున చెల్లికంటే నాకే ఎక్కువ దడ.

కొత్త బండికి చేసినట్టే చేయాలని మావారు కొబ్బరికాయ తెచ్చారు. చెల్లి అటు తిరిగి ఏదో బిగిస్తుంటే, ఈయన విమానం ముందు కాంక్రీటు మీద ఫెడేల్మని కొట్టేశారు.

"బావగారూ! కొంప ముంచారు కదండీ! ఒక్క పెంకు ఎగిరి ప్రొపెల్లర్‌కి తగిలిందంటే ఇంకేమన్నా ఉందా?"

అందరం మోకాళ్ల మీద పడి ముక్కలు ఏరాం, మావారైతే తెల్ల ప్యాంటుతోనే. అంతటితో చెల్లి వదులుతుందా! వాళ్ల పనిలో ఒక్క స్క్రూ కనబడకపోయినా విమానాన్ని కదలనివ్వరట. తువ్వాలు పరిచి, పెంకులన్నీ అంచుకు అంచు పేర్చి చూసింది. ఒకచోట బొటనవేలంత ఖాళీ. అది దొరికేదాకా ఎగరదు పొమ్మంది. చూడ్డానికొచ్చినవాళ్లు గుసగుసలాడుతున్నారు, పైన మబ్బు పడుతోంది.

"పోనీలేవే, ఇంత ముక్కేగా," అన్నాను.

"లోపల కూర్చుని నడిపేది తాతగారక్కా," అంది తల ఎత్తకుండా.

చివరికి తాతగారే సిగ్గుపడుతూ జేబులోంచి ఆ ముక్క తీశారు. దేవుడిది కదా, మంచి జరుగుతుందని దాచుకున్నారట! చెల్లి దాన్ని ఖాళీలో పెట్టి సరిచూసి, అప్పుడు ఎక్కమంది. విమానం రన్‌వే వదిలి లేస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. గర్వంతో వచ్చే ఏడుపు అంత బాగుంటుందని నాకు తెలీదు.

ఆ పెంకును విమానంలోకి మాత్రం రానివ్వలేదు. తాతగారు తన కారులో పెట్టుకు తిరుగుతున్నారు. మా అమ్మకంటే ముందు పుట్టిన విమానం మొన్న మా ఇంటి మీదుగా పోతుంటే అనుకున్నాను: కాలం పాడుచేసినదాన్ని మా పిల్ల బాగుచేసింది, ఒక్క ముక్క కూడా వదలకుండా.